సిద్ శ్రీరామ్ పాటల్లో మాటలు మీకు తెలుస్తున్నాయా?

డల్లాస్_తండ్రి
వచ్చే నెల మా అమ్మానాన్నల యాభయ్యో పెళ్ళిరోజు. ఇంట్లోనే గంటన్నర పాటల కార్యక్రమం పెడుతున్నాం. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి సిద్ శ్రీరామ్ పాటలు రెండు అచ్చం ఆయనలాగే నేర్చుకుంది. ఫోన్లో వినిపిస్తే నాన్న "గొంతు బాగుంది, మాట ఒక్కటీ తెలియలేదమ్మా" అన్నారు. పిల్ల ఏడ్చేసింది. తాతకీ మనవరాలికీ ఇద్దరికీ నచ్చే పాటలు చెప్పండి. కరోకే ట్రాకులు ఎక్కడ దొరుకుతాయో కూడా.

పాతపాటల_పెట్టె
మీ నాన్నగారిది తప్పేం లేదు. పాటల పుస్తకం కొనడానికి డబ్బుల్లేక రేడియో ముందు కూర్చుని రాసుకున్నవాణ్ణి నేను. ఘంటసాల పాట ఒక్కసారి వింటే చాలు, ఒత్తుతో సహా కాగితం మీదికి వచ్చేసేది. సుశీలమ్మ పాటా అంతే. ఇప్పటి పాటలు పదిసార్లు విన్నా సగం గీతలు ఖాళీగా ఉంటున్నాయి.

నర్సరావుపేట_నాని
మళ్ళీ మొదలెట్టారా. సిద్ శ్రీరామ్ చెన్నైలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగాడు. 2018లో గీత గోవిందం వచ్చినప్పుడు నాకు నాలుగు బ్యాక్‌లాగ్‌లు, ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. రాత్రుళ్ళు అందులో ఆయన పాట పెట్టుకునే చదివాను, పాసయ్యాను. పాటంటే ఫీల్ అండీ, డిక్టేషన్ కాదు.

విజయనగరం_వీణ
ఫీల్ మాటలోంచే వస్తుంది తమ్ముడూ. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి సంగీతం చెబుతున్నాను కాబట్టి అంటున్నాను. ఏసుదాస్ మలయాళీ, మేఘసందేశంలో తెలుగు పాటకే జాతీయ అవార్డు తీసుకున్నారు. వాణీ జయరాం వేలూరు అమ్మాయి, ఆవిడ మూడు జాతీయ అవార్డుల్లో రెండు తెలుగువే. చిత్ర గారి సంగతి చెప్పక్కర్లేదు. "చలి", "చాలు", "జడ" అనేటప్పుడు మన నాలుక పళ్ళ వెనక తగులుతుంది. పాత పుస్తకాల్లో ఈ చకారం మీద గుర్తు పెట్టి ౘ అని అచ్చువేసేవారు. "చిలక", "చెరువు"లో ఆ పలుకు రాదు. బయటివాళ్ళు అన్నిటికీ ఒకే చ వాడేస్తారు. డల్లాస్ గారూ, మీ పాపకి ముందు ఈ తేడా నేర్పించండి.

నర్సరావుపేట_నాని
ఉదిత్ నారాయణ్ పాడినప్పుడు మీ తరం కేసెట్లు కొనలేదా? అప్పుడు ఈ చ, ౘ ఏమైపోయాయి?

పాతపాటల_పెట్టె
కొన్నాం, వింటూ బాధపడ్డాం కూడా. అప్పుడు అలా జరిగిందని ఇప్పుడూ జరగాలా? అల వైకుంఠపురములో సినిమాలో సిద్ శ్రీరామ్ పాడిన పాట రాసింది సిరివెన్నెల. ఆయన ఒక్కో మాట కోసం ఎంత తపన పడేవారో అందరికీ తెలుసు. ఆ మాటలు నాకు వినపడాలి. అంతే నా కోరిక.

ఓరుగల్లు_98
స్పష్టమైన తెలుగు, స్పష్టమైన తెలుగు అంటున్నారు, ఎవరి తెలుగండీ? నేను పదో తరగతిలో ఒక టీవీ పాటల పోటీ ఆడిషన్‌కి పోయిన. శ్రుతి, తాళం బాగున్నయన్నరు. "నీ యాస మార్చుకుని రా" అని పంపేసిండ్రు. పాట మొత్తం పుస్తక భాషే, యాస యాడుంది అందులో? నేను పేరు చెప్పేటప్పుడు మాట్లాడిన నాలుగు మాటల్లోనే పట్టుకున్నరు. ఆ తర్వాత మూడేండ్లు పాడలే. హైదరాబాద్ మంగళ్‌హాట్ పిలగాడు రాహుల్ సిప్లిగంజ్ 2023ల ఆస్కార్ వేదిక మీద కాలభైరవతో కలిసి నాటు నాటు పాడినప్పుడు మా ఇంట్ల అందరం ఏడ్చినం.

విజయనగరం_వీణ
అమ్మా, నేను యాస గురించి అనలేదు. పలుకు గురించి అన్నాను. మీకు జరిగింది అన్యాయమే.

ఓరుగల్లు_98
మీరు అనలేదక్కా. కానీ ఈ మాట ఎత్తిన ప్రతిసారీ చివరికి వచ్చి మా మీదనే పడుతది.

సీరియల్_సునీత
రాహుల్ అంటే గుర్తొచ్చింది. బిగ్ బాస్ మూడో సీజన్లో శ్రీముఖి గెలవాల్సింది. ఇప్పటికీ అదే అంటాను.

నర్సరావుపేట_నాని
ఇక్కడ దాని గొడవ దేనికండీ? ఓట్లు పడ్డాయి, రాహుల్ గెలిచాడు, అయిపోయింది.

ట్రాక్_గొంతు
తెలియకుండా మాట్లాడకండి. పదకొండేళ్ళు హైదరాబాద్ స్టూడియోల్లో ట్రాకులు, అంటే అసలు గాయకుడికి నమూనాగా ముందు పాడి పెట్టే పాటలు, పాడాను, బయటి గాయకులకి మాటలు చెప్పాను. ముందు నాలాంటివాడు పాడిన ట్రాక్ వెళ్తుంది. పెద్ద గాయకుడు చెన్నైలోనో ముంబైలోనో దాన్ని వింటూ ఒక్కో లైన్ పాడతాడు, ముక్కలు అతికిస్తారు. పాట రాసినాయన చాలాసార్లు అక్కడ ఉండడు. తప్పు పలికితే ఆపి "మళ్ళీ పాడండి" అనే మనిషి గదిలో లేకపోతే గాయకుణ్ణి తిట్టి లాభం ఏంటి? ఘంటసాల కాలంలో అందరూ ఒకేచోట కూర్చుని రిహార్సల్ చేసుకుని పాడేవారు. మిక్సింగ్‌లో గొంతు మీద వాయిద్యాలు ఎక్కించేస్తే బాగా పలికిన మాట కూడా మునిగిపోతుంది. నేను పాడిన ట్రాకే మీ ముందు పెడితే ప్రతి అక్షరం రాసుకోగలరు, పెట్టె గారూ.

నర్సరావుపేట_నాని
అన్నా, అదే నేను చెప్పేది!

పాతపాటల_పెట్టె
నువ్వు చెప్పింది అది కాదు నాయనా, మాట అక్కర్లేదన్నావు. పైకి వెళ్ళి చూసుకో. యాంకర్ సుమ కూడా మలయాళీయే, ఆవిడ తెలుగులో ఒక్క తప్పు చూపించు.

నర్సరావుపేట_నాని
ఆవిడ చిన్నప్పటి నుంచీ ఇక్కడే పెరిగింది. పోలికలో అర్థం ఉండాలి సార్. మీ వయసుకి గౌరవమిచ్చి ఆగుతున్నా.

సీరియల్_సునీత
మాట్లాడినట్టే పాడే రమణ గోగులని అందరూ మర్చిపోయారు. తమ్ముడు, బద్రి, తొలిప్రేమ... అన్ని మాటలూ తెలిసేవి.

ట్రాక్_గొంతు
తొలిప్రేమ సంగీతం దేవాది. మిగతా రెండూ గోగులవే. 2025 సంక్రాంతికి ఆయన మధుప్రియతో పాడిన గోదారి గట్టు పాట చూడండి, భీమ్స్ బాణీ. పల్లెల్లో ముసలివాళ్ళు కూడా పాడుకున్నారు. డల్లాస్ గారూ, మీకు కావాల్సింది ఆ పాటే. మొగుడూ పెళ్ళాల పాట కూడాను.

ఓరుగల్లు_98
మధుప్రియ మా తెలంగాణ పిల్ల. అది కూడా రాసుకోండి.

డల్లాస్_తండ్రి
అందరికీ దండాలు. నిన్న రాత్రి వీణ గారు చెప్పిన చ, ౘ తేడా నాన్నే ఫోన్లో పాపకి పలికించారు. "చలి", "చాలు" అని అరగంట. పాప నవ్వుతూనే ఉంది. సిద్ శ్రీరామ్ పాట ఒకటి మాటలు విడదీసి నెమ్మదిగా పాడతానంది, రెండోది గోదారి గట్టు. నాన్న అమ్మతో కలిసి ఘంటసాల, సుశీల యుగళగీతం ఒకటి పాడతానన్నారు. కరోకే ట్రాకుల సంగతి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.