థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర, పొద్దుటి అంబలి: ఏది ముందు?

వంశధార ఒడ్డు:
గుణుపూర్ నుంచి అడుగుతున్నా. మా వదినకి గర్భం 7వ వారం. పెళ్లికి ముందునుంచీ థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములది వాడుతోంది. మొన్నటి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగే రక్తపరీక్ష అంకె) 5.8. డాక్టరు బరంపురంలో, చూపించుకునేది 20 రోజుల తర్వాత. అందాకా అదే మోతాదు చాలా? ఆశా దీదీ ఐరన్, కాల్షియం ఇస్తానంది. పొద్దున్నే చోడి (రాగి) అంబలి అలవాటు. అన్నీ కలిపి వేసుకోవచ్చా?

మహేంద్రగిరి:
20 రోజులు ఆగకండి, ఇవాళే డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ముందునుంచీ మాత్ర వాడేవాళ్లకి గర్భం నిలిచిందని తెలియగానే 25–30 శాతం పెంచుతారు. లెక్క తేలికే: వారానికి 7 మాత్రలు 9 అవుతాయి, ఏవైనా రెండు రోజులు రెండేసి. 5.8 చూసి ఏకంగా 75 రాసినా రాయొచ్చు. బిడ్డ థైరాయిడ్ సరిపడా పనిచేసేది 18–20 వారాలకే, అప్పటిదాకా తల్లి హార్మోనే దిక్కు. టీఎస్‌హెచ్ 2.5 లోపుకి దిగాలి. సగం నెలలు గడిచేదాకా 4 వారాలకోసారి, తర్వాత 30వ వారం దగ్గర ఒకసారి పరీక్ష, ఒకే ల్యాబ్‌లో. జుట్టుకని బయోటిన్ వాడుతుంటే పరీక్షకి రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే అంకె తప్పుగా వస్తుంది.

పర్లాకిమిడి మందులషాపు:
మాత్ర లేవగానే, ఉత్త నీళ్లతో. గంటదాకా టీ కూడా వద్దు. అంబలి ఆ తర్వాతే, చోళ్లలో కాల్షియం ఎక్కువ కదా. ఐరన్‌కీ కాల్షియంకీ ఈ మాత్రకీ 4 గంటల ఎడం ఉండాలి, కలిస్తే మందు ఒంటికి పట్టదు. మోతాదు పెంచినా అంకె దిగకపోతే నేను ముందు అడిగేది ఇదే. అయినా మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే, మిగతావి 4వ నెల నుంచి. అప్పుడు కాల్షియం మధ్యాహ్నం, రాత్రి భోజనాలతో; ఐరన్ సాయంత్రం 4 గంటలకి.

వంశధార ఒడ్డు:
ఇంట్లో గల్లుప్పు వాడతాం. అయోడిన్ చుక్కలు వెయ్యాలా?

మహేంద్రగిరి:
చుక్కలు వద్దండీ. గర్భిణికి రోజుకి కావాల్సింది మొత్తం 250 మైక్రోగ్రాములే, మోతాదు మించితే బిడ్డ థైరాయిడ్ మందగిస్తుంది. విడిగా అమ్మే గల్లుప్పు మానేసి అయోడైజ్డ్ అని రాసిన ప్యాకెట్ కొనండి, మూత బిగించి ఉంచండి, కూర దించేముందు వెయ్యండి.
కాన్పయ్యాక మళ్లీ 50కే రావాలి, 6 వారాలకి పరీక్ష. పాలివ్వడానికి ఈ మాత్ర అడ్డు కాదు. బిడ్డకి 48 గంటలు దాటాక మడమ నుంచి చుక్క రక్తం తీసి టీఎస్‌హెచ్ చూడమని ఆస్పత్రిలో అడగండి, అడక్కపోతే అన్నిచోట్లా చెయ్యరు.