తుపాను తరువాత చిగురించిన అవకాడో: రకం పేరు చెప్పగలమా?

సోంపేట పెరటి తోట:
2014లో ఒక నర్సరీలో ‘హాస్ అంటు’ అని చెబితే కొని నాటిన అవకాడో మా పెరట్లో నిరుడు తొలిసారి కాపుకు వచ్చింది. కాయ ఆరేడు వందల గ్రాములు తూగుతున్నది. తొక్క నున్నగా ఉండి పండినా ఆకుపచ్చగానే ఉంటున్నది; చెవి దగ్గర పెట్టుకొని ఊపితే లోపల టెంక కదిలిన చప్పుడు వినిపిస్తున్నది. మాఘంలో పూసి శ్రావణంలో కోతకు వచ్చింది. చిత్రాలతో పోల్చి చూస్తే పొల్లాక్ రకమేమో అనిపిస్తున్నది. నిర్ధారించగలవారు ఎవరైనా ఉన్నారా?

బొబ్బిలి రైతు:
హాస్ మాత్రం కాదండీ. హాస్ కాయ సాధారణంగా 300 గ్రాములు దాటదు, తొక్క గరుకుగా ఉండి పండేకొద్దీ నల్లబడుతుంది. మీరు చెప్పినవన్నీ పొల్లాక్ లక్షణాలే కనుక ఆ పేరే రాసుకోవచ్చు.

శృంగవరపుకోట అంట్ల తోట:
బొబ్బిలి వారి మొదటి మాటతో ఏకీభవిస్తాను, రెండో మాటతో కాదు. నున్నని తొక్క, వదులు టెంక, పూసిన ఆరేడు నెలలకే కోత అన్నవి ఒక్క పొల్లాక్‌వి కావు, వెస్టిండియన్ తెగ మొత్తానికి ఉన్న పోలికలు. అవకాడోలో మెక్సికన్, గ్వాటెమాలన్, వెస్టిండియన్ అని మూడు తెగలున్నాయి. ఉక్కపోతనూ ఉప్పు నేలనూ ఎక్కువగా ఓర్చుకునేది మూడోది. ఆకు నలిపినప్పుడు సోంపు వాసన వస్తే మెక్సికన్ తెగ కలిసినట్లే. ఈ గుర్తులు తెగను చెబుతాయి, రకాన్ని చెప్పవు. రకమంటే ఒకే ఒక్క చెట్టు, దాని కొమ్మలతో కట్టిన అంట్లు. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ తోటలో టెంక నుంచి మొలిచి, 1935లో పేటెంటు పొందిన చెట్టు 2002లో చచ్చిపోయింది. అయినా లోకంలోని హాస్ చెట్లన్నీ దాని వంశమే. సువర్ణరేఖ టెంక పాతితే సువర్ణరేఖ రాదని మన విజయనగరం మామిడి తోటల్లో ఎవరిని అడిగినా చెబుతారు. అవకాడో దగ్గరకు వచ్చేసరికి ఆ సంగతి ఎందుకు మరచిపోతామో! ఇంతకూ 2018 తిత్లీ తుపానులో మీ చెట్టుకు ఏమైనా అయిందా?

సోంపేట పెరటి తోట:
విరిగిందండీ. మోకాలెత్తు మోడు మిగిలి అదీ ఎండిపోతే కోసివేశాము. నేలకు ఆనుకొని లేచిన చిగురే ఇప్పటి చెట్టు.

శృంగవరపుకోట అంట్ల తోట:
అయితే నర్సరీ వారు మోసం చేశారని అనుకోనక్కరలేదు. వారు కట్టిన హాస్ కొమ్మ తుపానుతోనే పోయి ఉంటుంది. అంటు అతుకు నేలకు కొంత ఎత్తున ఉంటుంది కనుక, నేలకు ఆనుకొని లేచినది అడుగున ఉన్న టెంక మొక్క చిగురే అయి ఉండాలి. టెంక మొక్క ప్రతిదీ ఒక కొత్త చెట్టే కనుక, దానికి వెతికి పట్టుకోవలసిన పేరంటూ ఉండదు.

టెక్కలి కాయల వ్యాపారి:
వాదన బాగానే ఉంది కానీ, పేరు లేని కాయను బజారులో ఎవరు కొంటారు? డి.ఎన్.ఎ. పరీక్ష చేయిస్తే తేలదా?

శృంగవరపుకోట అంట్ల తోట:
ఆ పరీక్ష తెలిసిన రకాల నమూనాలతో పోల్చి చూస్తుంది. టెంక చెట్టు విషయంలో ‘వీటిలో ఏదీ కాదు’ అన్న జవాబే వస్తుంది. దానికంటే ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పొల్లాక్ ‘బి’ తరహా చెట్టు. దాని పువ్వు మొదటిరోజు మధ్యాహ్నం ఆడ దశలో విచ్చుకొని, ముడుచుకొని, మరునాటి ఉదయం మగ దశలో మళ్లీ విచ్చుకుంటుంది. ఉదయం పూట ఆడ దశ కనిపిస్తే మీది పొల్లాక్ కాదు. మధ్యాహ్నం కనిపిస్తే మాత్రం అవునని చెప్పడానికి అదొక్కటే చాలదు, ఎందుకంటే ‘బి’ తరహావి ఇంకా ఎన్నో ఉన్నాయి. చలి రోజుల్లో ఈ వేళలు తప్పుతాయి కనుక ఒక్కరోజు చూసి వదలకూడదు. బజారు సంగతంటారా, తమిళనాడులోని తడియాన్‌కుడిసై ఉద్యాన పరిశోధన కేంద్రం మంచి చెట్టును ఎంపిక చేసి టి.కె.డి.1 అని పేరు పెట్టి విడుదల చేసింది. కాయ నిజంగా రుచిగా ఉంటే మీరూ అంట్లు కట్టి సొంత పేరు పెట్టుకోండి. ఉన్న పేరును అరువు తెచ్చుకుంటే రేపు ఆ అంట్లు కొన్నవారు మిమ్మల్నే నిలదీస్తారు.

బొబ్బిలి రైతు:
నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోవడం లేదు. పొల్లాక్ అంటు అని కొన్న చెట్టు నా దగ్గర ఉంది, కాయ అచ్చం అలాగే ఉంటుంది. పూత వచ్చినప్పుడు సోంపేట వారు వేళలు రాసిపెడితే నా చెట్టుతో పోల్చి చూద్దాం.

సోంపేట పెరటి తోట:
అలాగేనండీ. ఉదయం తొమ్మిదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి, వారం రోజుల లెక్క ఇక్కడే పెడతాను.