రెండు దారాల గాలిపటం ముందా, నాలుగు దారాలది ముందా?

ఆర్‌కే_బీచ్_గాలి:
అన్నలూ అక్కలూ ఒక డౌటు. చిన్నప్పట్నుంచి సంక్రాంతికి ఒంటి దారం గాలిపటాలే ఎగరేశాను, ఇప్పుడు రెండు దారాల స్టంట్ కైట్ (రెండు చేతుల్తో దారాలు లాగి గాల్లో ఎటు కావాలంటే అటు తిప్పే పటం) కొందామనుకుంటున్నా. మా ఆఫీసులో ఒకాయన మాత్రం వద్దు, డైరెక్టుగా నాలుగు దారాలది కొనెయ్, రెండింటికి అలవాటు పడితే తర్వాత చెయ్యి మార్చుకోవడం కష్టం అంటున్నాడు. మీరేమంటారు? ఎగరేసేది వైజాగ్ ఆర్‌కే బీచ్‌లో, సాయంత్రం పూట.

పాతబస్తీ_పతంగి:
రెండు దారాలదే తమ్మీ. మన చెయ్యి ఒంటి దారానికి అలవాటైంది, డీల్ ఇస్తే, అంటే దారం వదులు చేస్తే, పటం గిర్రున తిరుగుతది, గుంజితే ముక్కు ఎటుంటే అటు పోతది. ఇక్కడ రెండు చేతులు ఒక్కసారి గుంజితే మలగదు, స్పీడ్ పెరుగుతది అంతే. కుడిది గుంజితే కుడికి, ఎడమది గుంజితే ఎడమకి, ఇంతే లెక్క. నేను మొదటిరోజు చేతులు రెండూ పైకెత్తి స్టీరింగ్ తిప్పినట్టు తిప్పిన, ముక్కు నేలకి కొట్టుకుని కార్బన్ పుల్ల ఫట్‌మని విరిగింది. చేతులు నడుము దగ్గరనే పెట్టుకోమని ఒక పెద్దాయన చెప్పినంక అరగంటల కుదిరింది. 1972ల ఇంగ్లండ్‌ల పీటర్ పావెల్ చేసిన రెండు దారాల పటం అంతగా జనంలకి పోయిందంటే ఇంత తొందరగా చేతికొస్తది కాబట్టే.

నాలుగు_పిడికిళ్లు:
నేను ఒప్పుకోను అన్నా. మీరే చెప్పారు పుల్ల విరిగిందని, కొత్తవాళ్లకి రెండు దారాల దానితో అసలు సమస్య అదే, ఆపడం చేతకాదు. నాలుగు దారాల దానికి చేతికొక పిడి ఉంటుంది, ఒక్కో పిడి పై చివర ఒక దారం, కింది చివర ఒక దారం ఉంటాయి, కింది దారాలు లాగితే బ్రేకు పడుద్ది, ఇంకా లాగితే వెనక్కి వెళ్తుంది, గాల్లో ఒకేచోట నిలబడుద్ది. పడిపోయినా ఇసకలో ముక్కు కింద ఉన్నా అక్కణ్నుంచే వెనక్కి లేపొచ్చు. రెండు దారాలది పడితే పాతిక మీటర్లు నడిచి నిలబెట్టి, మళ్లీ పాతిక మీటర్లు వెనక్కి రావాలి, సాయంత్రం అంతా దానికే సరిపోద్ది. శాన్‌డియేగోలో హాడ్జికీ అన్నదమ్ములు 1980ల చివర్లో రెవల్యూషన్ అనే నాలుగు దారాల పటం చేసినప్పటి నుంచీ దీని బలం ఇదే.

దారం_అక్క:
ఇద్దరూ పటం గురించే మాట్లాడుతున్నారు, దారాల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. కొత్తవాళ్లు మానేసేది ఎగరక కాదు, చిక్కులు విప్పలేక. అందుకే నేను రెండుతో మొదలుపెట్టమంటాను, రెండిట్లో పడ్డ చిక్కు అయిదు నిమిషాల్లో విప్పుతావు, నాలుగైతే చీకటి పడుద్ది.

తమ్ముడూ, ముందు రెండు దారాల చివర్లూ ఇసకలో గుచ్చిన స్క్రూడ్రైవర్‌కి తగిలించి, రెండో చివర్లు పట్టుకుని కాస్త గట్టిగా లాగి చూడు. ఒక దారం రెండు అంగుళాలు పొట్టిగా ఉంటే పటం ఎప్పుడూ ఆ పక్కకే తిరుగుద్ది, నువ్వేమో నీ చెయ్యి బాలేదనుకుంటావు. కొత్త దారం మొదట్లో కొంచెం సాగుతుంది కాబట్టి ఒక నాలుగైదు సార్లు ఎగరేశాక మళ్లీ కొలువు.

చుట్టేటప్పుడు, దారం చుట్టుకునే పలకని కదలకుండా పట్టుకుని దారాన్ని దాని చుట్టూ గుండ్రంగా తిప్పావంటే ఒక్కో చుట్టుకి ఒక్కో మెలిక. ఎనిమిది అంకెలా చుట్టు, ఒక సగం వేసిన మెలిక రెండో సగం తీసేస్తుంది. ఇంకోటి, గాల్లో కుడికి ఒక గుండ్రం కొడితే దారాలు ఒక మెలిక పడతాయి, కంగారుపడి నువ్వు గిర్రున తిరగొద్దు, నిలబడిన చోటే ఉండు. ఈ పటాలకి వాడే డైనీమా అనే సింథటిక్ దారం జారుడుగా ఉంటుంది కాబట్టి నాలుగైదు మెలికలున్నా పటం మాట వింటుంది, ఎడమకి అన్నే గుండ్రాలు కొట్టు, పోతాయి.

సంక్రాంతి వారం మాత్రం దాన్ని బీచ్‌కి తీసుకెళ్లకు దయచేసి. డైనీమా దాదాపు 150 డిగ్రీలకే కరుగుద్ది, గాజు మాంజా ఒకే చోట రాసుకుంటే ఆ వేడికే తెగిపోతుంది, ఎన్జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) 2017లో నైలాన్ మాంజా నిషేధించినా ఇంకా కనపడుతూనే ఉంది. ఆర్‌కే బీచ్‌లో సాయంత్రం గాలి సముద్రం మీంచి ఒడ్డుకి వస్తుంది, అంటే పటం జనం వైపు, రోడ్డు వైపు ఉంటుంది. బిగుసుకుని వేగంగా కదిలే దారం మెడకి తగిలితే కోస్తుంది, పిల్లలు కింద పరిగెడుతుంటారు.

నాలుగు_పిడికిళ్లు:
జనం సంగతి అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, దాని మీద నాకు వాదన లేదు. కానీ చిక్కుకి భయపడి రెండుతో ఆగిపోమనడం నచ్చలేదు. ముగించేటప్పుడు నాలుగు దారాలూ పిడులకి తగిలించి ఉంచే చుట్టుకుంటూ పటం దాకా నడిస్తే మళ్లీసారి పరిచేటప్పుడు ఒక్క చిక్కూ రాదు. నేను నేరుగా నాలుగుతోనే మొదలుపెట్టాను, దారం తెగింది లేదు, పుల్ల విరిగింది లేదు.

పాతబస్తీ_పతంగి:
నీకు పక్కన చెప్పేటోళ్లు ఉన్నరేమో, ఒక్కడే బీచ్‌ల నిలబడి నేర్చుకునేటోని మాట వేరు.

ఆర్‌కే_బీచ్_గాలి:
నాకు చెప్పేవాళ్లు ఎవరూ లేరన్నా, ఒక్కణ్నే. రెండు దారాలదే తీసుకుంటా. అక్కా, జనానికి దూరంగా ఉండాలంటే దారం పాతిక మీటర్ల బదులు 15 మీటర్లది కొంటే మరీ వేగంగా తిరుగుద్దా?

దారం_అక్క:
చేతికి తొందరగా తిరిగినట్టు అనిపిస్తుంది, అటూ ఇటూ చోటు తక్కువ కదా. అయినా అదే కొను. సాయంత్రమైతే నీళ్ల అంచున నిలబడు, లేదంటే పొద్దున్నే ఆరింటికి వెళ్లు, గాలి తక్కువున్నా ఇసకలో సాయంత్రమంత జనం ఉండరు.