పెళ్లి క్యాసెట్ డీవీడీలోకి: మాట వెనకబడుతోంది

పటమట:
వీహెచ్‌ఎస్ క్యాసెట్, 3 గంటలు. యూఎస్‌బీ క్యాప్చర్ కార్డుతో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే గంట దాటేసరికి మంత్రం ఒకచోట, పంతులుగారి పెదాలు ఒకచోట. అంతా ఒకే డిస్కులో పడుతుందా?

అరండల్‌పేట:
ఫ్రేములు రాలిపోతున్నాయండీ. పాత టేపు సిగ్నల్ నిలకడగా ఉండదు. కార్డు తడబడి ఫ్రేములు వదిలేస్తుంది, ఆడియో మాత్రం ఆగదు. వీసీఆర్‌కీ కార్డుకీ మధ్య టైమ్ బేస్ కరెక్టర్ (సిగ్నల్‌ను నిలకడ చేసే పరికరం) పెట్టండి. సెట్టింగ్ పాల్ (మన టీవీ పద్ధతి): 720×576, సెకనుకు 25 ఫ్రేములు.

కృష్ణలంక:
ముందు క్యాసెట్ మూత ఎత్తి చూడండి. టేపు అంచున తెల్లటి బూజుంటే వీసీఆర్‌లో పెట్టొద్దు, హెడ్డు మూసుకుపోతుంది. 3 గంటలు 4.7 జీబీలో కుక్కితే ఆడియోతో కలిపి సెకనుకు 3.5 మెగాబిట్లకు మించదు. తలంబ్రాల గింజలన్నీ గళ్లుగళ్లే. రెండు డిస్కులు చేయండి. ఎంపీ4 కాపీ చేస్తే పాత ప్లేయర్ చదవదు, డీవీడీ వీడియో ఫార్మాట్ ఎంపెగ్-2లో ఆథరింగ్ (ప్లేయర్ చదివే డీవీడీగా కూర్చడం) చేయాల్సిందే.

పటమట:
సరేనండీ, జీలకర్ర బెల్లం దాకా ఒకటి, తలంబ్రాల నుంచి రెండోది.