వారం వారం విశాఖ వెళ్లి కంటి వ్యాయామాలు చేయించాలా, ఇంట్లో పెన్సిలుతో సరిపోతుందా?

గుణుపురం తండ్రి

మా అమ్మాయి ఏడో తరగతి. పుస్తకం పట్టిన పావుగంటకే నుదురు లాగుతోందంటుంది. అక్షరాలు కదులుతున్నాయని, ఒక్కోసారి ఒక లైను రెండు లైన్లుగా కనిపిస్తోందని చెబుతుంది. ఈమధ్య ఒక కన్ను చేత్తో మూసుకుని చదువుతోంది. బడికి వచ్చిన ఆరోగ్య బృందం చార్టు చదివించి, చూపు బాగుందని రాసి వెళ్లింది.

పర్లాకిమిడిలో కంటి డాక్టరు గారు చూసి, దగ్గరి వస్తువు మీద రెండు కళ్లూ కలవడం లేదు, దీన్ని కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు అన్నారు. పెన్సిలు మొనను చూస్తూ దాన్ని మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చుకునే వ్యాయామం రోజూ చేయించమన్నారు. విశాఖలో ఒక విజన్ థెరపీ క్లినిక్కులో అడిగితే, పెన్సిలుతో పనవదు, మూడు నెలలు వారం వారం రావాలి, దీనితో చదువు కూడా బాగుపడుతుంది, మార్కులు పెరుగుతాయి అన్నారు.

మాది ఒడిశాలో గుణుపురం, చిన్న కొట్టు ఉంది. వారానికో రోజు మూసేసి తెల్లవారుజామున బయల్దేరితే తిరిగొచ్చేసరికి రాత్రవుతుంది. పిల్లకి బడి కూడా పోతుంది. ఇది నిజంగా అవసరమా? తెలిసినవాళ్లు చెప్పండి.

జయపురం బాబాయ్

వద్దు నాయనా. చూపు బాగుందని బడిలోనే రాశారు కదా. ఇప్పటి పిల్లలు గంటలకొద్దీ ఫోను చూస్తున్నారు, తలనొప్పి రాక ఏం చేస్తుంది? ఫోను తీసేయ్, పెన్సిలు వ్యాయామం చేయించు. వారం వారం ఒక మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడి, బాగా చేశావమ్మా అంటే ఏ పిల్లయినా హుషారుగా ఉంటుంది. ఆ హుషారునే నయమైందని చెప్పి డబ్బు తీసుకుంటారు. కొట్టు మూసుకుని తిరగాల్సిన పని లేదు.

రాయగడ ఆప్టోమెట్రిస్ట్

బాబాయ్ గారూ, బడిలో చూసిన చార్టు దూరం చూపుది. ఒక్కో కన్ను విడివిడిగా దూరం నుంచి ఎంత చిన్న అక్షరం చదవగలదో అది చెబుతుంది. రెండు కళ్లూ కలిసి ఎలా పని చేస్తున్నాయో చెప్పదు. ఈ ఇబ్బంది ఉన్న పిల్లలు చాలామంది ఆ చార్టు చివరి లైను దాకా చదివేస్తారు. బడి బృందాల తప్పేమీ కాదు, వాళ్ల పరీక్ష వేరే దానికి.

దీన్ని పట్టే పద్ధతి వేరు. చిన్న అక్షరాన్ని స్కేలు మీద కళ్లకు ఎదురుగా పెట్టి ముక్కు వైపు జరుపుతూ, ఎక్కడ రెండుగా కనిపిస్తుందో చూస్తాం. మామూలుగా 6 సెంటీమీటర్ల లోపు వచ్చేదాకా ఒకటిగానే ఉండాలి. తర్వాత ఒక కన్ను మూసి తెరుస్తూ, దూరం చూసినప్పుడూ దగ్గర చూసినప్పుడూ కన్ను ఎంత పక్కకి జారుతోందో కొలుస్తాం. ప్రిజమ్ పట్టీ (వెలుగుని పక్కకి వంచే గాజు ముక్కల వరుస) అడ్డం పెట్టి కళ్లు ఎంతవరకు లోపలికి తిప్పుకోగలవో చూస్తాం. ఈ మూడూ కలిస్తేనే ఆ పేరు పెట్టాలి. తలనొప్పి ఉందని చెప్పగానే పెట్టకూడదు.

ఇక హుషారు సంగతి. అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ల పిల్లలు 221 మందిని నాలుగు జట్లు చేసి 12 వారాలు చూశారు, ఫలితాలు 2008లో వచ్చాయి. ఒక జట్టు ఇంట్లో పెన్సిలు, ఒక జట్టు ఇంట్లో కంప్యూటరు వ్యాయామాలతో పాటు పెన్సిలు, ఒక జట్టు వారానికో గంట క్లినిక్కులో అసలు థెరపీ, ఇంట్లో కొంత సాధన. నాలుగో జట్టు కూడా అలాగే వారం వారం క్లినిక్కుకు వెళ్లింది, అంతే సేపు ఉంది, అక్కడి వ్యాయామాలు మాత్రం కళ్లు కలవడానికి పనికిరానివి. నయమైనవాళ్లు, మెరుగైనవాళ్లు కలిపి చూస్తే క్లినిక్కు థెరపీలో 73 శాతం, పెన్సిలులో 43, కంప్యూటరులో 33, ఉత్తుత్తి థెరపీలో 35. ఎవరో పలకరించినందుకే నయమయ్యేదైతే ఆ నాలుగో జట్టుకీ అంతే రావాలి. పెన్సిలుకీ ఉత్తుత్తి థెరపీకీ పెద్ద తేడా లేదన్నది కూడా చూడండి.

బరంపురం కంటి విభాగం పీజీ

అన్నా, మీరు చెప్పిన అంకెలు సరైనవే. కానీ కథ అక్కడితో అయిపోలేదు. అదే పరిశోధకులు తర్వాత 9 నుంచి 14 ఏళ్ల పిల్లలు 311 మందితో 16 వారాలు మళ్లీ చేశారు. కళ్లు కలిసే దూరం, ప్రిజమ్ కొలత థెరపీ జట్టులో స్పష్టంగా మెరుగయ్యాయి, దాన్ని ఎవరూ కాదనరు. కానీ పిల్లలు స్వయంగా చెప్పే ఇబ్బందుల స్కోరు రెండు జట్లలోనూ దాదాపు సమానంగా తగ్గింది. చదివి అర్థం చేసుకునే పరీక్షలోనూ ఉత్తుత్తి థెరపీ జట్టు కంటే ఎక్కువ రాలేదు. 2019లో ఆ ఫలితం అచ్చయింది. మార్కులు పెరుగుతాయని క్లినిక్కు వాళ్లు చెప్పిన మాటకి ఆధారం లేదు. ఆ ఒక్క మాట చాలు, నాకు వాళ్ల మిగతా మాటల మీద కూడా నమ్మకం తగ్గింది.

రాయగడ ఆప్టోమెట్రిస్ట్

మార్కుల సంగతి మీతో పూర్తిగా ఒప్పుకుంటాను డాక్టరు గారూ. ఆ మాట చెప్పి డబ్బు తీసుకోవడం తప్పు. ఇబ్బందుల స్కోరు గురించి మాత్రం ఒక మాట. ఆ ప్రశ్నపత్రంలో 15 ప్రశ్నలుంటాయి. చదువుతుంటే ధ్యాస పోతోందా, నిద్ర వస్తోందా, చదివింది గుర్తుండటం లేదా అని కూడా అడుగుతారు. ఇలాంటివి కళ్లు బాగున్న పిల్లలకీ ఉంటాయి. రెండుగా కనిపించడం, ఒక కన్ను మూసుకుని చదవడం వేరే సంగతి. గుణుపురం అన్నయ్య గారి పాపకి ఉన్నవి ఇవే.

పర్లాకిమిడి మాస్టారు

నేను కంటి వైద్యం తెలిసినవాణ్ని కాదు, పిల్లలకు చదువు చెప్పేవాణ్ని. ఈ చర్చలో నేను చెప్పాల్సింది ఒకటుంది.

మన వైపు తెలుగిళ్ల పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియాలో చదువుతారు. మూడో తరగతికే ఇంగ్లీషు కూడా మీద పడుతుంది. చదవడం నిదానిస్తే ఇంట్లోవాళ్లకి టెన్షన్, బడిలో మాకు టెన్షన్. ఇలాంటి పిల్లల్ని కళ్ల దోషమనో, డిస్లెక్సియా (తెలివి ఉన్నా పదాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది) అనో క్లినిక్కులకు తిప్పడం ఈమధ్య ఎక్కువైంది. కొన్నిచోట్ల చదివేటప్పుడు కన్ను ఎలా గెంతుతోందో కంప్యూటరులో గ్రాఫు తీసి తల్లిదండ్రులకు చూపిస్తున్నారు. చదవడం కష్టమైన పిల్ల కన్ను వెనక్కీ ముందుకీ గెంతుతుంది, నిజమే. మాట అర్థం కాక మళ్లీ వెనక్కి చూస్తుంది కాబట్టి గెంతుతుంది. గెంతడం వల్ల చదువు రాకపోవడం కాదు. అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లో కలిసి చెప్పింది కూడా ఇదే: డిస్లెక్సియాకి కంటి వ్యాయామాలు వైద్యం కావు.

తేడా ఎలా తెలుస్తుందంటే, నా అనుభవంలో, పిల్ల మొదటి లైనులోనే తడబడుతుంటే, అదీ ఒడియాలోనే తడబడి తెలుగులో హాయిగా చదువుతుంటే అది భాష సంగతి. ఆ పిల్లకి కావలసింది పక్కన కూర్చుని కథలు చదివించే మనిషి. మొదటి పేజీ బాగా చదివి, రెండో పేజీకి కళ్లు నులుముకుని, ఏ భాష పుస్తకం ఇచ్చినా అంతే అయితే కళ్లు చూపించాలి. గుణుపురం తమ్ముడు చెప్పిన పాప ఈ రెండో రకంలా ఉంది. కాబట్టి వైద్యం చేయించు తమ్ముడూ, మార్కుల కోసం కాదు, నొప్పి లేకుండా చదువుకోవడానికి.

బరంపురం అమ్మ

మాస్టారు చెప్పింది ప్రతి తల్లీ చదవాలి. నేనూ ఒక హెచ్చరిక చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ వ్యాయామాల మాట చదివి మెల్లకన్ను ఉన్న పిల్లల తల్లిదండ్రులు కూడా అదే మొదలుపెడతారేమోనని భయం.

మా బాబుకి ఎడమ కన్ను లోపలికి తిరిగేది. మా వాళ్లు మెల్లకన్ను అదృష్టం, పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది అన్నారు. నేను ఆగలేదు. చుక్కలు వేసి పవరు చూస్తే ప్లస్ పవరు (స్పష్టంగా చూడటానికి కన్ను ఎక్కువ కష్టపడాల్సిన దోషం) బాగా ఎక్కువ. కళ్లద్దాలు పెట్టాక కన్ను చాలావరకు నేరుగా వచ్చింది. అయినా ఆ కంటి చూపు తక్కువే ఉంది, లేజీ ఐ, అంటే మెదడు ఆ కంటిని సరిగా వాడుకోవడం లేదు అన్నారు. బలహీనమైన కన్ను పని చేసేలా మంచి కన్నుని రోజూ రెండు గంటలు ప్యాచ్ వేసి మూయమన్నారు. అదే సమయంలో ఒక క్లినిక్కు వాళ్లు ప్యాచ్ పాతకాలం పద్ధతి, కంప్యూటరు ఆటలతో బాగు చేస్తాం అన్నారు. నేను ప్యాచే వేశాను. రెండు గంటలు సరిపోతుందా అని నాకూ అనుమానం ఉండేది. మధ్యస్థంగా ఉన్న లేజీ ఐకి రెండు గంటలు వేసినా ఆరు గంటలు వేసినా నాలుగు నెలలకి ఒకేలా మెరుగైందని 2003లోనే అమెరికాలో తేల్చారని మా డాక్టరమ్మ చెప్పారు. ప్యాచ్ వేయనివ్వని పిల్లలకి మంచి కంటి చూపుని మసకబరిచే అట్రోపిన్ చుక్కలు కూడా దాదాపు అంతే పని చేస్తాయట.

నాలుగేళ్ల పిల్లాడు ప్యాచ్ పీకేస్తాడు, ఏడుస్తాడు, పెద్దవాళ్లు జాలిపడి తీసేయమంటారు. తీయకండి అమ్మలారా.

జయపురం బాబాయ్

అమ్మా, ఏడేళ్లు దాటితే ఆ వైద్యం పని చేయదని మా ఊళ్లో ఒకరికి చెప్పి పంపేశారు. పిల్లకి పదేళ్లు. మరి ఆ పిల్ల పరిస్థితి ఏంటి?

బరంపురం కంటి విభాగం పీజీ

మళ్లీ తీసుకెళ్లమనండి బాబాయ్ గారూ, ఈ వారమే. చిన్న వయసులో ఫలితం ఎక్కువ, అది నిజం. కానీ 7 నుంచి 17 ఏళ్ల వాళ్లు 507 మందితో 2005లో వచ్చిన అధ్యయనంలో, 7 నుంచి 12 ఏళ్ల వాళ్లలో ప్యాచ్, చుక్కలు, అద్దాలు కలిపి వాడితే 53 శాతం మందికి చూపు మెరుగైంది. అద్దాలు మాత్రమే వాడినవాళ్లలో 25 శాతం. పదేళ్ల పిల్లని వయసు దాటిందని పంపేయకూడదు.

ఇంకొకటి, ఇది చదివేవాళ్లందరికీ: పసిపిల్లలకి మూడు నాలుగు నెలలు దాటాక కూడా కన్ను పక్కకి పోతుంటే చూపించాలి. కంటిపాపలో తెల్లగా మెరిస్తే అస్సలు ఆగకూడదు, కంట్లో క్యాన్సరు గడ్డ కూడా అలాగే మొదట కనపడుతుంది.

మునిగుడ కోడలు

మా మామయ్య గారికి నిన్నటి నుంచి అన్నీ రెండేసి కనిపిస్తున్నాయి. షుగరు ఉంది. ఆయనకి కూడా ఈ వ్యాయామాలు చేయించవచ్చా?

బరంపురం కంటి విభాగం పీజీ

చేయించకండి అమ్మా. ఒక కన్ను మూస్తే ఒకటిగా కనిపిస్తోందా అని అడగండి. అలా అయితే కంటిని తిప్పే నరం దెబ్బతిని ఉండొచ్చు. షుగరు వల్ల వచ్చిందైతే సాధారణంగా కొన్ని నెలల్లో తగ్గుతుంది. కానీ రెప్ప వాలి, కంటిపాప పెద్దదై, తల విపరీతంగా నొప్పిగా ఉంటే మెదడులో రక్తనాళం ఉబ్బిందేమో చూడాలి. అలా ఉంటే రాత్రయినా సరే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. లేకపోయినా రేపటికి వాయిదా వేయకండి, ఈరోజే డాక్టరుకి చూపించండి.

గుణుపురం తండ్రి

అందరికీ దండాలు. మార్కుల ఆశ వదిలేశాను. ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. వారం వారం నేను వెళ్లలేను. నెలకి ఒకసారో రెండుసార్లో అయితే సర్దుకోగలను. దానికేమైనా ఉపయోగం ఉందా?

బరంపురం కంటి విభాగం పీజీ

నా సలహా, ముందు పెన్సిలు వ్యాయామం సక్రమంగా 12 వారాలు. రోజుకి 15 నిమిషాలు, వారానికి 5 రోజులు. అది కూడా 43 శాతం మందికి పనికొచ్చింది, ఖర్చు లేదు. తగ్గకపోతే అప్పుడు క్లినిక్కు.

రాయగడ ఆప్టోమెట్రిస్ట్

ఇక్కడ నేను ఒప్పుకోను. ఆ 43లో చాలా భాగం ఉత్తుత్తి థెరపీతో కూడా వచ్చేదే. పిల్ల మూడు నెలలు నొప్పితో ఉండి, వ్యాయామం మీదే విసుగు పుట్టాక అసలు వైద్యానికి వస్తుంది. ఇంట్లో చేసే పెన్సిలులో పెద్ద చిక్కు ఏమిటంటే, ఒక కన్ను పని మానేసినా పిల్లకి పెన్సిలు ఒకటిగానే కనిపిస్తుంది. బాగా చేస్తున్నానని అనుకుంటుంది. అందుకే మేం ఒక కొస ముక్కు దగ్గర పట్టుకుని చూసే పూసల తాడు ఇస్తాం. పూసని చూస్తున్నప్పుడు తాడు రెండుగా, పూస దగ్గర కలిసినట్టు కనిపించాలి. ఒకటే తాడు కనిపిస్తే ఒక కన్ను ఆగిపోయిందని పిల్లే కనిపెడుతుంది.

నెలకి రెండుసార్లు క్లినిక్కు, మధ్యలో ఇంట్లో తాడు. ఆ అధ్యయనంలో పరీక్షించిన పద్ధతి ఇది కాదు, దాని ఫలితమే వస్తుందని నేను చెప్పను. కానీ ఒంటరిగా పెన్సిలుకి వదిలేయడం కంటే దీన్నే నేను నమ్ముతాను. విశాఖ దాకా వెళ్లక ముందు రాయగడలో ఉన్న ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థ కేంద్రంలో అడగండి, అక్కడినుంచి ఎక్కడికి పంపాలో వాళ్లు చెబుతారు. దగ్గర చదవడానికి ప్రిజమ్ అద్దాలు రాస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, ఈ ఇబ్బంది ఉన్న పిల్లల్లో అవి మామూలు అద్దాల కంటే మెరుగని తేలలేదు.

బరంపురం అమ్మ

అన్నయ్యా, విశాఖలో చుట్టాలుంటే వేసవి సెలవులకి పాపని అక్కడే ఉంచండి. వారం వారం జరగాల్సిన వాటిలో సగం పైగా సెలవుల్లోనే అయిపోతాయి, బడీ పోదు, కొట్టూ మూయక్కర్లేదు. మిగిలినవాటికి మీరు చెప్పినట్టు నెలకి రెండుసార్లు.

పర్లాకిమిడి మాస్టారు

ఇది బాగుంది. అప్పటిదాకా పాప క్లాస్ టీచరుకి ఒక కాగితం మీద రాసివ్వు తమ్ముడూ: పావుగంటకొకసారి కళ్లు పైకెత్తి దూరం చూడనివ్వమని, ఒక కన్ను మూసుకుంటే తిట్టొద్దని. ఒడియాలో రాయడానికి నేను సాయం చేస్తాను.

బరంపురం కంటి విభాగం పీజీ

సెలవుల పద్ధతికి నాకూ అభ్యంతరం లేదు. ఎక్కడ చేయించినా మొదటి రోజు కొలతలు మీ దగ్గర రాసి ఉంచుకోండి: ఎన్ని సెంటీమీటర్ల దగ్గర రెండైంది, ప్రిజమ్ ఎంత. ఆరో వారం అదే కొలత మళ్లీ అడగండి. ఇవ్వనిచోట డబ్బు కట్టొద్దు. ఇంకా, ఏ వ్యాయామం మొదలుపెట్టే ముందైనా చుక్కలు వేసి పవరు చూపించాలి, పాపకి అది చేసినట్టు మీరు రాయలేదు. కనపడని ప్లస్ పవరు ఉంటే ముందు అద్దాలు కావాలి. చుక్కలు వేసిన రోజు దగ్గరివి సరిగా కనిపించవు, మర్నాటికి కూడా కాస్త మసక ఉండొచ్చు, కాబట్టి పరీక్షలున్న వారంలో తీసుకెళ్లకండి.