సరిత మీద నమ్మకం కుదరట్లేదట: పాత్రలు దిద్దుకుంటూనే పుస్తకం గురించి చెప్పుకోవడం ఎలా?

ముసారాంబాగ్ మెట్లు (ప్రశ్న)

నమస్కారం. 24 అధ్యాయాల నవల రాస్తున్నాను, అధ్యాయానికి సుమారు 1,800 పదాలు. 16 అధ్యాయాలు ఒక యాప్‌లో వారానికొకటి చొప్పున వచ్చేశాయి. కథ హైదరాబాద్‌దే. సరితకు 34 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో నాయిన, తమ్ముడు రమేశ్, మరదలితో ఉంటుంది. బేగంబజార్‌లో ఒక డ్రై ఫ్రూట్స్ హోల్‌సేల్ దుకాణంలో అకౌంటెంట్. కథ 2016లో మొదలై 2024లో ముగుస్తుంది.

చదివినవాళ్లు చెప్పే లోపాలు రెండే. "అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు." "సరిత మరీ మంచిది, నమ్మబుద్ధి కావట్లేదు." ఇక ఫేస్‌బుక్‌లో "సరిత ఆత్మాభిమానం గల ఆడపిల్ల, కష్టాలకు వెరవదు" అని పెడితే లైకులు పడతాయి గానీ నవల చదవడానికి ఎవరూ రారు. డిసెంబర్ బుక్ ఫెయిర్ నాటికి అచ్చు వేయాలని ఉంది. ముందు పాత్రలు సరిచేసుకుని ప్రచారం ఆపాలా, రెండూ కలిపి నడిపే దారేమైనా ఉందా?

ఎర్రసిరా

రెండు సమస్యలూ ఒకే చోట పుట్టాయండి. మీరు పెట్టిన ఆ పోస్టులో సరిత లేదు, సరితకు మీరు రాసిచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్ ఉంది. నవలలో కూడా అలాంటి సర్టిఫికెట్లు చాలానే ఉండి ఉంటాయి. "ఓర్పుగా", "మనసులోనే బాధను దిగమింగుకుని" లాంటివి వెతికి కొట్టేయండి. కొట్టేశాక ఆ సన్నివేశంలో సరిత చేసిన పని ఒక్కటీ మిగలకపోతే, అది తిరిగి రాయాల్సిన సన్నివేశం.

ముందు మాటల సంగతి. ఒక అధ్యాయం ప్రింటు తీసి "అంది సరిత", "అన్నాడు రమేశ్" లాంటివన్నీ నల్లగా చెరిపేయండి. రెండు రోజులాగి చదవండి. ఏ మాట ఎవరిదో మీకే తెలియకపోతే పాఠకుడికి తెలిసే దారి లేదు. వెంటనే మాటలు మార్చడానికి కూర్చోకండి, అప్పుడు ఒకడికి ఊతపదం, ఇంకొకడికి నత్తి తగిలించడం తప్ప ఇంకేమీ తోచదు.

దానికి బదులు పిలుపుల పట్టిక వేయండి. ముఖ్యపాత్రలు ఆరుగురనుకుంటే ఆరు అడ్డవరసలు, ఆరు నిలువు వరసలు. తనను తాను పిలుచుకునే గళ్లు తీసేస్తే 30 మిగులుతాయి. ప్రతి గడిలో మూడు విషయాలు రాయాలి: నువ్వా మీరా, ఎదురుగా ఏమని పిలుస్తారు, వెనకాల ఏమంటారు. మూడోది వదిలేయకండి, పాత్ర గుట్టంతా అక్కడే ఉంటుంది. మరదలు ఎదురుగా "వదినా" అంటుంది. పుట్టింటికి ఫోన్ చేసినప్పుడు "మా ఆడబిడ్డ" అంటుందా, "ఆవిడ" అంటుందా, "ఇంట్లో పెద్ద సారు" అంటుందా? ఈ మూడింటితో ముగ్గురు వేరువేరు మరదళ్లు తయారవుతారు.

పట్టిక అయ్యాక, అది ఎక్కడ తప్పుతుందో చూసుకోండి. మన భాషలో కోపానికి మర్యాద తగ్గడమే కాదు, పెరగడం కూడా ఉంది. రోజూ "బేటీ" అనే సేఠ్, జీతం పెంచమన్న మర్నాడు "మేడమ్" అన్నాడంటే ఆయన మొహం వర్ణించే పని లేదు. అక్కను నువ్వు అనే రమేశ్ "మీరు చెప్పండి, పెద్దవాళ్లు కదా" అంటే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ సరిగా తినరు. నవల మొత్తానికి ఇది ఒకసారే వాడండి, రెండోసారికి చప్పబడుతుంది.

ఇక "మరీ మంచిది" అన్నదానికి విరుగుడుగా కోపిష్టిదనో, చాయ్ లేనిదే ఉండలేదనో రాయకండి. అవి ముద్దుగా ఉండే లోపాలు, ఎవరికీ నష్టం లేనివి. లోపం ఆమె పనిలోంచే రావాలి. లెక్కలు రాసే మనిషి కదా, ఇంట్లో వాళ్లకు చేసిన ప్రతి సాయాన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసిపెడుతుందనుకోండి. ఆ అలవాటు ఒకసారి వేరేవాళ్లను గాయపరచాలి: మరదలి కాన్పుకు అయిన 38,000 గురించి బంధువుల ముందు నోరు జారడం లాంటిది. ఒకసారి ఆమెకే ఎదురు తిరగాలి. ఒకసారి మాత్రం ఆ అలవాటు వల్లే ఆమె బయటపడాలి. ఈ మూడోది లేకపోతే లోపం పైన అతికించినట్టే ఉంటుంది.

పని గురించి ఒక మాట. జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. నెలనెలా రిటర్నులు వేసే దుకాణానికి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు 11వ తారీఖు, పన్ను కట్టే జీఎస్టీఆర్-3బీ గడువు 20. సరిత 19వ తారీఖున తీరిగ్గా యాదగిరిగుట్టకు బయల్దేరిందని రాస్తే అకౌంటెంట్లెవరూ ఆ తర్వాతి పేజీ తిప్పరు. మీ కథ 2016లో మొదలవుతోంది కాబట్టి నవంబర్ 8 రాత్రి నోట్ల రద్దు కూడా ఉంది. నగదు మీద నడిచే హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూసే మనిషికి ఆ మర్నాడు ఎలా తెల్లవారిందో రాయకుండా దాటేస్తే పెద్ద లోటే.

చాదర్‌ఘాట్

ఎర్రసిరా అన్న పట్టిక మంచిగున్నది. నేను బాస గురించి చెప్త.

చానమంది చేసే తప్పేందంటే, కోస్తా వాక్యం రాసి దాని మీద గిట్ల, గట్ల, మస్తు అని కొత్తిమీర లెక్క చల్లుడు. "నేను గట్ల చెప్పాను" అని ఈ ఊర్ల ఎవ్వరనరు. "నేన్గట్ల చెప్పిన" అంటరు. ముందుగాల క్రియ మారాలె: వచ్చాడు కాదు వచ్చిండు, చేశారు కాదు చేసిన్రు, వెళ్తున్నాను కాదు పోతున్న. క్రియ సక్కగుంటే మస్తు, జర లేకున్నా నడుస్తది. ఒక్కో పాత్రకు ఎనిమిదో పదో రూపాలు రాసి పెట్టుకోండ్రి, ఆఖరి దాకా అవ్వే వాడుండ్రి. ఒక పేజీల "చెయ్యాలె", ఇంకో పేజీల "చేయాల్నే" అయితే సదివెటోనికి కంట్ల నలుసు వడ్డట్టయితది.

ఇంకోటి. ఒక్క మనిషికే మూడు బాసలుంటయి. సరిత నాయినతోటి ఒక తీరు, సేఠ్‌తోటి హిందీల, ఆడిటర్‌తోటి ఫోన్ల టీవీ తెలుగు. రమేశ్ హైటెక్ సిటీల జేస్తే ఇంటికొచ్చినంక గూడ ఆఫీసు బాస అరగంటదాక దిగదు. సేఠ్ హిందీ మొత్తం రాయకుండ్రి. రెండు మూడు మాటలు పెట్టి, మతలబు సరిత జవాబుల తెలిసేటట్టు జేయాలె. "హిసాబ్ లావ్" అని ఆయనంటడు, ఆమె ఖాతా పుస్తకం ముంగట పెడ్తది. అర్థం వేరే చెప్పే పనేముంది?

ఇగ తొవ్వ సంగతి. మెట్రో 2017 నవంబర్ల సురువైంది గని అది మియాపూర్, అమీర్‌పేట, నాగోల్ ముక్కనే. ఎల్బీనగర్ దిక్కు తెరిచింది 2018 సెప్టెంబర్ 24న. అంతకుముందు సరితను దిల్‌సుఖ్‌నగర్‌ల మెట్రో ఎక్కించిన్రంటే దొరికిపోతరు. తర్వాత అయితే ముసారాంబాగ్, న్యూ మార్కెట్, మలక్‌పేట, ఎంజీబీఎస్, ఉస్మానియా మెడికల్ కాలేజీ, ఆడ దిగి బేగంబజార్‌కు నడుసుడు. 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్లకు టికెట్ పైసల్లేవు. జీతం పడ్డ వారం మెట్రో, నెలాఖర్ల బస్సు అని రాస్తే ఆమె జీతమెంతో చెప్పే అక్కర లేదు. బస్సు ఫిరీ అయినంక గూడ మెట్రోనే ఎక్కుతున్నదంటే ఎందుకెక్కుతున్నదో మీకు తెల్వాలె. మోకాళ్ల నొప్పా, టైమా, తమ్ముని ముంగట పరువా?

పదహారు పేజీలు

ప్రచారం, అచ్చు గురించి నేను చెప్తాను.

ముందు ఒక జాగ్రత్త. పత్రికలూ పోటీలూ సాధారణంగా హామీపత్రం అడుగుతాయి: సొంత రచనేనని, అచ్చులో గానీ బ్లాగుల్లో గానీ సామాజిక మాధ్యమాల్లో గానీ రాలేదని. మీ 16 అధ్యాయాలు వచ్చేశాయి కాబట్టి అలాంటి షరతున్న పోటీకి ఈ నవల పనికిరాదు. అచ్చు హక్కులు మీ దగ్గరే ఉన్నాయా అన్నది యాప్ ఒప్పందం తెరిచి చూసుకోండి. మిగిలిన ఎనిమిది అధ్యాయాలు పుస్తకంలోనే వస్తాయనుకుంటే ఆ మాట పాఠకులకు ఇప్పుడే చెప్పండి. చెప్పకుండా ఆపితే తిట్లు తప్పవు, తప్పు కూడా మీదే.

పోస్టులో పాత్రను పొగడకండి, పాత్ర చేసిన పని ఒక్కటి పెట్టండి. 40 నుంచి 70 పదాలు చాలు. ఎర్రసిరా గారి నోట్‌బుక్ తీసుకుని ఒక నమూనా:

"మరదలి పుట్టింటివాళ్లు వచ్చారు. దీపావళికి సేఠ్ ఇచ్చిన జీడిపప్పు డబ్బా మూత తీసింది సరిత. నిన్న ఉన్నంత లేదు. ఉన్నదే ప్లేట్లలో సర్ది అందరికీ ఇచ్చింది. రాత్రి గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని నోట్‌బుక్ తీసింది. జీడిపప్పు, 200 గ్రాములు, రమేశ్ ఖాతా."

కింద లింకు, అంతే. "ఎలా ఉందో చెప్పండి" అక్కర్లేదు. వారానికి ఇలాంటిది ఒకటి, వేరేవాళ్ల పుస్తకం మీద ఒకటి. అంతకు మించితే జనం మీ పేరు చూడగానే వేలితో పైకి తోసేస్తారు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పడతారు గానీ, మీ నంబర్ వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ అందుతుంది. అడిగి సేవ్ చేయించుకోండి. అపార్ట్‌మెంట్ గ్రూపుల జోలికి మాత్రం పోవద్దు, అక్కడ నీళ్ల ట్యాంకర్ గొడవలే సరిపోతాయి.

అచ్చు లెక్క: 24 అధ్యాయాలు, 1,800 పదాల చొప్పున 43,200. 1/8 డెమ్మీ సైజులో పేజీకి 230 పదాలు పట్టేలా పెడితే 188 పేజీలు. ముందు పేజీలు నాలుగు కలిపితే 192, ఫారానికి 16 పేజీల చొప్పున సరిగ్గా 12 ఫారాలు. ఇందులోకి ముగ్గురు పెద్దల ముందుమాటలు చేర్చారంటే ఇంకో ఫారం పడుతుంది, పైగా ముగ్గురిలో ఒకరు ముగింపు చెప్పేస్తారు. 200, 300 కాపీలైతే డిజిటల్ ప్రింటింగ్ చాలు. వెయ్యి వేసేవాళ్లకు ఆఫ్‌సెట్ గిట్టుబాటు. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్లో దరఖాస్తు చేయాలి, ఆఖరి వారం దాకా ఆగకండి. డిసెంబర్‌కు పుస్తకం చేతిలో ఉండాలంటే సెప్టెంబర్ ఆఖరుకు రాత ఆపేయాలి. అక్టోబర్ డీటీపీకి (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడానికి), రెండు ప్రూఫులకు. నవంబర్ ప్రెస్సుకు.

బుక్ ఫెయిర్ జరిగే ఎన్టీఆర్ స్టేడియంలో స్టాల్ ముందు ఆగే మనిషి మీకిచ్చేది ఒక్క వాక్యం సమయం. "బేగంబజార్‌లో లెక్కలు రాసే ఆమె ఇంట్లో వాళ్లకు చేసిన సాయానికి కూడా ఖాతా తెరుస్తుంది" అంటే చెయ్యి పుస్తకం మీదికి వస్తుంది. ఆ నోట్‌బుక్ నవలలో లేకపోతే ఈ వాక్యమూ మీ దగ్గర ఉండదు.

ముసారాంబాగ్ మెట్లు

చాలా థ్యాంక్స్ అందరికీ. నోట్‌బుక్ ఆలోచన బాగా పట్టుకుంది. కానీ 16 అధ్యాయాలు వచ్చేశాక ఇప్పుడు హఠాత్తుగా పెట్టగలనా? ఇంకోటి, చాలామంది "సరితకు ఆడిటర్‌తో పెళ్లి చేయండి" అంటున్నారు. వినాలా?

ఎర్రసిరా

17లో హఠాత్తుగా పెట్టకండి. 2, 6, 11 అధ్యాయాల్లో ఒక్కో ముక్క నాటండి. మొదట నోట్‌బుక్ కనిపించాలి, అందులో ఏముందో తెలియకూడదు. తర్వాత ఎవరో తెరవబోతే లాక్కోవాలి. 11లో ఒక్క పద్దు చదవనివ్వండి. యాప్‌లో దిద్దిన అధ్యాయాల పైన "సవరించినది" అని ఒక మాట పెడితే చాలు. పెళ్లి గురించి: ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ నమ్మలేదు అన్నంతవరకు పాఠకుల మాట వినండి. తర్వాత ఏం జరగాలన్నది మీ పని.

చాదర్‌ఘాట్

అన్నా, గంత జల్ది కొట్టేయొద్దు. అందరూ పెండ్లే అడుగుతున్నరంటే ఆడిటర్ సరిత కన్న మంచిగొచ్చిండని అర్థం. ఆయన వచ్చిన సీన్లు తీసి సూడుండ్రి. ఆయనకు సొంత పనుండి, తొందరుండి, ఈమె మీద చిరాకుండి మాట్లాడుతుండొచ్చు. గవే మిగిలినోళ్లకు లేవేమో. రమేశ్, మరదలు ఇంట్ల ఊకెనే కూసొని సరిత మాట కోసం ఎదురుసూస్తున్నరా? ప్రతి సీన్ల వాళ్లు అడుగుపెట్టకముందు ఏం పని మీదున్నరో ఒక్క లైన్ రాసుకోండ్రి, నవలల పెట్టకున్నా సరే.

పదహారు పేజీలు

మాండలికం రాసేవాళ్లకు ఒకటి మర్చిపోయాను. మీరు యూనికోడ్‌లో టైపు చేసింది డీటీపీలో అచ్చు పనికి వాడే అను ఫాంట్లలోకి మారేటప్పుడు ఒత్తులు, అంకెలు తప్పుతుంటాయి. అందుకే ప్రూఫ్ మారకముందు కాదు, మారాక చూడాలి. అలాగే ప్రూఫ్ చూసేవాళ్లు మంచి మనసుతోనే "వచ్చిండు"ను "వచ్చాడు"గా దిద్దేస్తారు, సగం చోట్ల దిద్ది సగం వదిలేస్తారు. చాదర్‌ఘాట్ గారు చెప్పిన రూపాల జాబితా ఉంది కదా, దాన్ని ఒక కాగితం మీద రాసి "ఇవి తప్పులు కావు" అని మొదటి ప్రూఫుతో పాటే ఇవ్వండి.