పబ్లిషర్ డబ్బు తీసుకున్నాక ఇంకా ‘ఇండీ’ ఎలా అవుతారు?

గోదారి_కోడర్
2023 గేమ్ అవార్డ్స్‌లో ‘డేవ్ ద డైవర్’ని ఇండీ (పెద్ద కంపెనీల అండ లేని స్వతంత్ర గేమ్‌లు) విభాగానికి నామినేట్ చేశారు. దాన్ని చేసిన మింట్‌రాకెట్ అప్పటికి నెక్సాన్ అనే పెద్ద గేమ్ కంపెనీ వాళ్ల సొంత విభాగం. పిక్సెల్ బొమ్మలు కనబడితే చాలు, ఇండీ ముద్ర వేసేస్తున్నారు! గేమ్ మేళాల్లో ఇండీలకి ఉచిత స్టాళ్లు ఇచ్చేచోట ఒక్కటే నియమం ఉండాలి: పబ్లిషర్ (డబ్బు పెట్టి గేమ్‌ని విడుదల చేసే కంపెనీ) ఉంటే చోటు లేదు.

రాత్రిబిల్డ్
ఆ లెక్కన 2016లో ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ ఇండీ కాదన్నమాట. కోడు, బొమ్మలు, సంగీతం అన్నీ ఎరిక్ బారోన్ ఒక్కడే చేసినా, పబ్లిషర్‌గా చకిల్‌ఫిష్ ఉందిగా. వందలమంది పనిచేసే లారియన్ స్టూడియో ‘బాల్డర్స్ గేట్ 3’ని తనే విడుదల చేసుకుంది కాబట్టి దానికి స్టాల్ ఇచ్చేద్దామా?

చూడాల్సింది కాంట్రాక్టు. ఐపీ, అంటే గేమ్ మీద హక్కులు, ఎవరి పేరున ఉంది? మైల్‌స్టోన్ (గడువు ప్రకారం చూపించాల్సిన పని) నచ్చలేదని పబ్లిషర్ మధ్యలో ఆపేస్తే అప్పటిదాకా చేసిన పని ఎవరికి పోతుంది? అన్నిటికన్నా ముఖ్యం, ముందుగా ఇచ్చిన అడ్వాన్స్‌ని ఎలా రాబట్టుకుంటారు?

ఆదాయం 50-50 అని రాస్తే మురిసిపోకండి. అడ్వాన్స్ 50,000 డాలర్లు అనుకుందాం. రిఫండ్లు, పన్నులు పోగా 1,00,000 డాలర్ల అమ్మకాలు. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 30 శాతం పట్టుకుంటే వచ్చేది 70,000. మొత్తంలోంచి ముందు అడ్వాన్స్ తీసేసి మిగతాది పంచుకుంటే మీకు 10,000 వస్తుంది. అదే అడ్వాన్స్‌ని మీ వాటాలోంచే కోసే క్లాజ్ అయితే, మీ 35,000 మొత్తం బాకీకే జమ. చేతికి సున్నా, ఇంకా 15,000 బాకీ. దానిపైన మార్కెటింగ్ ఖర్చు కూడా రాబట్టుకుంటామని ఉండి, పరిమితి రాయలేదో, ఆ బాకీకి అంతుండదు.

చుక్కలబొమ్మ
అందుకే పబ్లిషర్ లేకుండా సొంతంగా స్టీమ్‌లో వేసుకోమనేది. స్టీమ్ ఫీజు 100 డాలర్లు, అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే అదీ వెనక్కొస్తుంది. ఫీజు కట్టాక 30 రోజులు ఆగాలి, ‘త్వరలో’ పేజీ కనీసం రెండు వారాలు ఉండాలి. అమెరికా పన్నుకి సంబంధించిన డబ్ల్యూ-8 ఫారంలో పాన్ నంబరు ఇచ్చి భారత్-అమెరికా పన్ను ఒప్పందం రేటు అడగండి. లేదంటే అమెరికా అమ్మకాల మీద 15 బదులు 30 శాతం కోత.

రాత్రిబిల్డ్
వేసుకోవచ్చు. కన్సోల్ పోర్టు (ప్లేస్టేషన్ లాంటివాటికి గేమ్‌ని మార్చడం), నాలుగు భాషల టెస్టింగ్ ఎవరు చేస్తారు? అయినా గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, అంటే ఇంజిన్ ఒకరిది, దుకాణం ఒకరిది. 2023 సెప్టెంబరులో యూనిటీ ఇంజిన్ కంపెనీ ఒక్కో ఇన్‌స్టాల్‌కి ఇంతని రుసుము ప్రకటిస్తే పబ్లిషర్ లేనివాళ్లూ వణికారు. ఏడాది తర్వాత దాన్ని ఎత్తేశారనుకోండి.

గోదారి_కోడర్
సరే, పబ్లిషర్ నియమం వెనక్కి తీసుకుంటున్నా. కానీ మీ కాంట్రాక్టు పరీక్ష కాగితం మీదే బాగుంటుంది. బయటపెట్టకూడదనే షరతు ఉంటుంది, ఎవరు చూపిస్తారు?

రాత్రిబిల్డ్
కాంట్రాక్టు అక్కర్లేదు. స్టోర్ పేజీ అడుగున కాపీరైట్ ఎవరి పేరున ఉందో చూడండి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే వార్షిక రిటర్నులో వాటాదారుల జాబితా ఉంటుంది. సగానికి పైగా వాటా పెద్ద కంపెనీదైతే స్టాల్ లేదు, అంతే.

చుక్కలబొమ్మ
ఒక్కరే ప్రొప్రయిటర్‌గా నడిపేవాళ్లకి ఆ రిటర్నే ఉండదు. స్టాల్ అసలు అవసరమయ్యేది వాళ్లకే.